టాన్యా పేరున నలభై జతలు

డోరీన్ స్టానిఫోర్త్ షెఫీల్డ్‌లో నలభై మూడేళ్ళు కత్తెరలు జోడించింది. "కత్తెరలో ఏముందండీ, రెండు కత్తులూ మధ్యలో ఒక స్క్రూయే కదా" అని ఎవరైనా ఆమె ముందు నోరు జారారో, ఆ పూటకి వాళ్ళు ఇంటికి వెళ్ళినట్టే.

"రెండూ చదునుగా అతుక్కుని కూర్చుంటే దాన్ని కత్తెర అనరు తల్లీ, పటకారు అంటారు," అనేది. ఎదురుగా ఉన్నది మీసాలున్న బస్సు డ్రైవరైనా సరే, ఆమెకి తల్లే.

ఒక్కో బ్లేడుకీ వెంట్రుకవాసి వంపు ఉండాలి. మూస్తున్నప్పుడు రెండూ ఒక్కచోటే తాకాలి. ఆ తాకే చోటు స్క్రూ దగ్గర మొదలై మొన దాకా జరుగుతూ పోవాలి. మూసి వెలుతురుకెత్తి చూస్తే మధ్యలో సన్నటి సందు కనపడాలి. దాన్ని కొలిచే యంత్రం లేదు. దాకలి అనే ఇనపదిమ్మ మీద పెట్టి సుత్తితో రెండు దెబ్బలు, కంటితో ఒక చూపు, మూసినప్పుడు చప్పుడు వినడం, అంతే. రెండు చాలినచోట మూడో దెబ్బ వేశావా, బ్లేడు పోయింది. ఒకటే వేసి ఊరుకున్నావా, మొన దగ్గర గుడ్డని కొయ్యదు, నములుతుంది.

ఆమె పనిచేసిన కార్ఖానా పదహారేళ్ళ కిందట మూతపడింది. ఇప్పుడది అపార్ట్‌మెంట్లు. డోరీన్ కూర్చున్న కిటికీ పక్క చోటు ఎవరిదో స్నానాలగది అయింది. ఆ దారిన ట్రాములో వెళ్ళినప్పుడల్లా ఆమె తల పక్కకి తిప్పుకునేది.

అలాంటి మనిషి ఇంటికి ఒకరోజు ఫిలిపా అనే ఆవిడ నిమ్మకాయ కేకు పట్టుకుని వచ్చింది. కాలేజీలో పెద్ద ఉద్యోగం. ఊరి వస్తువు ఊళ్ళోనే తయారవ్వాలని, పాత పనులు మళ్ళీ మొదలెట్టాలని ఒక పథకం తెచ్చింది. బడులూ, కాలేజీ, చర్చి, పేటలోని ఆడవాళ్ళ సంఘం, అందరూ తలో చెయ్యీ వేస్తారట. జోడించే పని చేతిలో ఉన్నవాళ్ళలో ఊళ్ళో మిగిలింది డోరీన్ ఒక్కతే. మరో ఇద్దరున్నారు గానీ, ఒకామెకి కళ్ళు పోయాయి, ఇంకొకామె తన పేరే తను మరిచిపోయింది.

"మీ చేతులే ఒక గ్రంథాలయం, డోరీన్," అంది ఫిలిపా.

"ఈ ఊళ్ళో గ్రంథాలయాలన్నీ మూసేస్తున్నారు కదా తల్లీ," అంది డోరీన్ కేకు కోస్తూ.

ఫిలిపాని తప్పు పట్టడానికి లేదు. ఆవిడ కాస్త దుర్మార్గురాలైతే ఈ కథ చెప్పడం నాకెంత తేలికయ్యేదో. నిజంగా మంచి మనిషి. ఎవరు ఏం చెప్పినా తల ఊపుతూ శ్రద్ధగా వింటుంది, వెంటనే కాగితం మీద రాసుకుంటుంది. రాసుకోవడంలోనే చిక్కంతా ఉంది.

"నేర్పడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"అయిదేళ్ళు."

ఫిలిపా నవ్వింది. డోరీన్ నవ్వకపోవడం చూసి నవ్వు ఆపింది. "డబ్బిచ్చేవాళ్ళు మనకి ఇచ్చింది ఏడాదే. మూడు నెలలకోసారి వచ్చి చూస్తారు. సరుకు బాగుంటే కొనసాగిస్తారు, లేకపోతే ఆపేస్తారు. అన్నీ బాగా జరిగితే ఏడాది చివర్న కార్ఖానా శాశ్వతంగా ఉంటుంది, నేర్చుకున్నవాళ్ళకి జీతాలతో ఉద్యోగాలు."

డోరీన్ చాలాసేపు టీ కలుపుతూ కూర్చుంది. డెబ్భై నాలుగేళ్ళొచ్చాయి. తనతోపాటు ఈ పని మట్టిలో కలిసిపోతుందని ఎప్పుడో అనుకుంది, అనుకుని గుండె రాయి చేసుకుంది. ఇప్పుడీ పిల్ల వచ్చి ఆ రాయిని కదిపింది. ఒక్కరి చేతికి, ఒక్కరంటే ఒక్కరి చేతికి అంటించి పోతే చాలనిపించింది.

"సరే తల్లీ," అంది.

కాలువ పక్కన ఖాళీగా ఉన్న గోదాములో బల్లలు వేశారు. రిటైరైన వడ్రంగులు ఉత్తినే వచ్చి అరలు కొట్టి పెట్టారు. ఆడవాళ్ళ సంఘం రోజూ టీ పంపేది. శుక్రవారాల్లో బడిపిల్లలు వరసలు కట్టి వచ్చి, నోళ్ళు తెరుచుకుని చూసి పోయేవారు. చేరింది ఆరుగురు. అందులో అయిదుగురి సంగతి డోరీన్‌కి మొదటి వారమే తెలిసిపోయింది. మంచివాళ్ళే, కష్టపడేవాళ్ళే, కానీ సుత్తి వాళ్ళ మాట వినదు. ఆరో మనిషి టాన్యా డంగ్‌వర్త్.

టాన్యాకి ముప్పై ఆరేళ్ళు. ఇద్దరు కూతుళ్ళు, మొగుడు లేడు. ఊరి బయట పెద్ద గోదాములో పార్సిళ్ళు సర్దే పని చేసి, వెన్ను పట్టేసి నాలుగు రోజులు రానందుకు ఉద్యోగం పోగొట్టుకుంది. ఆమెకి ఈ పని రావడమంటే ఊళ్ళో, పగటిపూట, కుర్చీలో కూర్చుని చేసుకునే ఉద్యోగం రావడం.

"అక్కడ చేతికి కట్టిన మిషన్ తిట్టేది, ఇక్కడ నువ్వు తిడుతున్నావు," అనేది టాన్యా. "నువ్వే నయం డోరీన్, తిట్టాక బిస్కట్ ఇస్తావు."

"బిస్కట్ నోట్లో ఉంటే నోరు కాస్త మూతపడుతుందని."

"పడదు. మా అమ్మ కూడా చాలా ప్రయత్నించింది."

ఆమె చెయ్యి మంచిది. సుత్తిని బిగించి పట్టుకోదు, వేళ్ళ మధ్య ఆడనిస్తుంది. చప్పుడు వినేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది, ఎవరూ చెప్పకుండానే. మొదటిసారి అది చూసిన రోజు డోరీన్ ఇంటికెళ్ళి ఒంటరిగా ఓ గ్లాసు షెర్రీ వైను పోసుకుంది. చెయ్యి మంచిదే గానీ, మూడు నెలల చెయ్యి మూడు నెలల చెయ్యే. టాన్యా చేసిన పదింట్లో ఒకటి నిలబడేది. మిగతా తొమ్మిదీ మధ్యదాకా బాగానే కోసి, మొన దగ్గరికొచ్చేసరికి గుడ్డని నమిలేవి.

మొదటి తనిఖీకి ఇంకా వారం ఉంది. ఆ సాయంత్రం నాలుగింటికి అందరూ వెళ్ళిపోయాక డోరీన్ కప్పులు కడిగింది, బల్లలు తుడిచింది. తర్వాత టాన్యా ట్రే ముందు ఆగింది. పొద్దున్నే వ్యాను వచ్చి ఆ ట్రేలన్నీ మెరుగు పెట్టడానికి పట్టుకుపోతుంది. అక్కణ్ణుంచి అవి పెట్టెల్లోకే పోతాయి గానీ, చేసినవాళ్ళ చేతికి మళ్ళీ రావు. డోరీన్ ఒకటి తీసి మూసింది. గరగర. దాకలి మీద పెట్టి చిన్న దెబ్బ ఒకటి, తిప్పి ఇంకొకటి వేసింది. మళ్ళీ మూసింది. ఈసారి పట్టు మీద చెయ్యి జారినట్టు చప్పుడే లేకుండా మూసుకుంది. ఇంకొకటి తీసింది. టాన్యావి అయ్యాక మిగతా ట్రేలూ అంతే.

పాత కార్ఖానాలో ఇది తప్పు కాదు, మర్యాద. పదిహేనేళ్ళ డోరీన్ పనిలో చేరిన కొత్తలో, పక్కబల్ల నెల్లీ ఫర్నిస్ ఇలాగే ఆమె ట్రేలోంచి చెడ్డ జతలు లాగేసి, రెండు దెబ్బలు వేసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పెట్టేసేది. మేస్త్రీ వచ్చేసరికి అన్నీ బాగుండేవి. ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పుకునేవారు కాదు. చెడ్డ జత బల్ల దాటి పోవడం ఆ గదిలోని ఆడవాళ్ళందరికీ తలవంపు. ఆ ఊరి ఆడవాళ్ళు వందేళ్ళు అలా ఒకరి తప్పు ఒకరు కప్పుకుంటూ బతికారు.

మొదటి తనిఖీ గట్టెక్కింది. పదింట తొమ్మిది బాగున్నాయన్నారు. ఫిలిపా డోరీన్‌ని కౌగిలించుకుంది. ఇక ఆపేద్దామనే అనుకుంది డోరీన్. కానీ మర్నాడు పొద్దున్నే టాన్యా బల్ల దగ్గర పాట పాడుతూ కనిపించింది. ఇన్నాళ్ళలో ఆమె పాడడం అదే మొదటిసారి.

"ఎలా ఉందో చూడు," అని ఒక జత చాపింది టాన్యా.

గుడ్డ మీద పెడితే మొన దగ్గర నమిలింది. డోరీన్ ఆ మొనవంక చూసింది, పిల్ల మొహంవంక చూసింది. నలభై మూడేళ్ళలో చెడ్డ కత్తెరని ఆమె ఒక్కసారి కూడా మంచిదనలేదు.

"బాగుంది తల్లీ. ట్రేలో పెట్టు," అంది.

ఆ మాట ఒక్కసారి నోరు దాటాక రెండోసారికి కష్టం అనిపించలేదు. రోజూ నాలుగయ్యాక గంటన్నర కూర్చునేది. రెండో తనిఖీ అయింది. మోకాళ్ళు వాచేవి, వేళ్ళు కొంకర్లు పోయేవి. వచ్చే నెల నుంచి ఆపేస్తానని ప్రతి నెలా అనుకునేది. ఈలోగా టాన్యా చేతికి పదింట్లో ఒకటి పోయి రెండు నిలబడడం మొదలైంది. వస్తోంది, నెమ్మదిగానే అయినా వస్తోంది, ఇంకొంచెం టైము కొంటే చాలు అనుకుంది డోరీన్. ఆ కొనడమేదో ఆ పిల్లకి చెప్పి కొనాలని మాత్రం తట్టలేదు.

తొమ్మిదో నెలలో పెద్ద తనిఖీ. ఒక్కొక్కరూ నలభై జతలు ఇవ్వాలి, ప్రతి జత లోపలివైపు చేసినవాళ్ళ పేరు కొట్టాలి. టాన్యా తన నలభై మీదా తనే పేరు కొట్టింది. వాటిని చూడ్డానికి లండన్ నుంచి ముసలి దర్జీ ఒకాయన వచ్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, తడి పట్టు ముక్క మీద నలభై జతలూ ఒక్కొక్కటే పరీక్షించాడు.  చివర్న టాన్యా దగ్గరికెళ్ళి ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"మా నాన్న షాపులో ఇలాంటివి ఉండేవమ్మా," అన్నాడు. "మళ్ళీ చూస్తాననుకోలేదు."

టాన్యా ఏడ్చేసింది. డోరీన్‌కి కూడా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి సంతోషమో సిగ్గో ఆమెకే తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే ఫిలిపా అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఏడాది పడుతుందనుకున్న పని తొమ్మిది నెలల్లోనే ఇంత బాగా వచ్చింది. లెక్క ప్రకారం మూడో నెలకే పదింట తొమ్మిది బాగున్నాయి. అంటే ఈ పని నేర్చుకోవడానికి పన్నెండు వారాలు చాలు. ఇకనుంచి కోర్సు పన్నెండు వారాలే, ఏడాదికి నాలుగు బ్యాచులు. కార్ఖానా రేపటి నుంచే మొదలు. దర్జీగారి సంఘం అయిదు వందల జతలు అడిగింది. టాన్యాయే మేస్త్రీ, నేర్పేదీ ఆమే. డోరీన్‌ని ఇంతకాలం శ్రమపెట్టాం, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోవాలి. అందరూ చప్పట్లు కొట్టారు. పూలగుత్తి ఒకటి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టారు.

డోరీన్ పూలగుత్తి బల్ల మీద పెట్టింది. "ఫిలిపా, నీతో ఒక మాట మాట్లాడాలి తల్లీ," అంటూ లేచింది.

"చెప్పండి డోరీన్."

కిటికీ దగ్గర టాన్యా ఫోనులో పెద్ద కూతురితో మాట్లాడుతోంది. "వచ్చిందే, ఉద్యోగం వచ్చింది. కాదు, పర్మనెంటే. నేనే టీచర్ని, నవ్వకు." ఆమె భుజాలు వణుకుతున్నాయి. డోరీన్ నోరు తెరిచి, ఆ భుజాలవంకే చూస్తూ ఉండిపోయింది. చెప్పడానికి అదే సమయం. ఆ తర్వాత మరి సమయం లేదు. ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలుసు, నేను ఇప్పుడు కొత్తగా కనిపెట్టి చెప్పడం లేదు.

"ఏం లేదు తల్లీ. పూలు బాగున్నాయి," అంది.

వారానికల్లా గోదాము తలుపు తెరిచే ఆమె కార్డు పనిచెయ్యడం మానేసింది. డోరీన్ రెండుసార్లు వెళ్ళి, అద్దం తలుపు బయట నిలబడి, లోపల సుత్తుల చప్పుడు విని తిరిగొచ్చింది. చప్పుడును బట్టే తెలుస్తోంది, మూడో దెబ్బ పడుతోంది. తలుపు తట్టొచ్చు. తట్టి ఏమని చెప్పాలి? ఇంటికొచ్చి రేడియో పెట్టుకునేది.

పది వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం టాన్యా వచ్చింది. వానలో కొండెక్కి వచ్చినట్టుంది, జుట్టంతా తడిసి మొహానికి అతుక్కుంది. చేతిలో బరువైన సంచి. వంటింటి బల్ల మీద దాన్ని బోర్లించింది. కత్తెరలు గలగలా పడ్డాయి.

"వెనక్కొచ్చేశాయి," అంది. "అయిదు వందల్లో నాలుగు వందల పైన. ఇవి నావి, అరవై రెండు."

డోరీన్ కెటిల్ పెట్టింది. చేతులు ఏదో ఒకటి చేస్తుండాలి కదా.

"నా చేతికేదో అయింది డోరీన్," అంది టాన్యా. గొంతు మామూలుగానే ఉంది, అందుకే డోరీన్‌కి భయం వేసింది. "డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. నరాలేమైనా దెబ్బతిన్నాయా అని పరీక్షలు చేశాడు, ఏం లేదన్నాడు. అవే దెబ్బలు, అదే చోటు, నువ్వు చెప్పినట్టే చేస్తున్నా. అప్పుడొచ్చింది ఇప్పుడెందుకు రావట్లేదు? రోజూ నిద్రపోయేముందు అదే ఆలోచన. నువ్వొకసారి చూడు. నేను చేస్తుంటే పక్కన కూర్చుని, ఎక్కడ తప్పుతున్నానో చూసి చెప్పు."

డోరీన్ ఒక జత తీసి మూసింది. గరగర. ఇంకొకటి. అదీ అంతే. పది వారాలుగా ఈ పిల్ల తన సొంత చేతుల్నే అనుమానించుకుంటూ బతికింది. ఆ మాట అర్థమయ్యాక డోరీన్ చేతిలో జతని బల్ల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీ చేతికేం కాలేదు తల్లీ. నీ చెయ్యి మొదట్నుంచీ ఇంతే."

"ఇంతే అంటే?"

చెప్పేసింది. నాలుగింటి సంగతి, ట్రేల సంగతి, తనిఖీల సంగతి, తను సుత్తి పట్టుకున్న సంగతి, అన్నీ. చెబుతున్నంతసేపూ బల్ల మీది కత్తెరలవంకే చూసింది. కెటిల్ ఈల వేసి వేసి దానంతటదే ఆగింది.

టాన్యా అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఆ నలభైలో నావెన్ని?" అంది.

డోరీన్‌కి అబద్ధం నోటి చివరిదాకా వచ్చింది. సగం అనొచ్చు. సగమైతే ఎవరైనా తలెత్తుకుని తిరగొచ్చు.

"ఏడు," అంది.

"ఏడు." టాన్యా తల ఊపింది. "ఆ ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు, చూస్తూ ఉన్నావు."

"నీ మేలు కోసమే తల్లీ. మా రోజుల్లో అందరం అలాగే చేసేవాళ్ళం. నెల్లీ నాకు చెయ్యలేదూ?"

"ఎన్నాళ్ళు చేసింది నీకు?"

డోరీన్ జవాబు చెప్పడానికి నోరు తెరిచి, అప్పుడు, మొదటిసారి, ఆ జవాబు తనే విన్నది. "నెల. నెలయ్యాక నా చెడ్డ జతలన్నీ తెచ్చి అందరి ముందూ నా బల్ల మీద పోసింది. చేసి చావు అంది. నేను మూడేళ్ళు ఏడ్చాను."

"మరి నా బల్ల మీద ఎందుకు పొయ్యలేదు?"

ఆ పొద్దున నువ్వు పాడుతున్నావు గనుక, అనాలనుకుంది. 

"నీకొస్తోంది," అంది. "ఒట్టు. పదింట్లో రెండు నిలబడేవి. చెయ్యి ఉంది నీకు, నేను చూసిన అందరిలోకీ మంచి చెయ్యి. ఇంకో రెండు మూడేళ్ళుంటే..."

"లేవు కదా." టాన్యా తడి జుట్టు వెనక్కి తోసుకుంది. "శుక్రవారం మూసేశారు. ఫిలిపా పెద్ద రిపోర్టు రాసింది, ఏడుస్తూనే రాసింది పాపం. ఇప్పటి జనం చేతులకి ఈ పని ఇక రాదట. మొదట్లో ఉన్న ఉత్సాహం నిలవదట. ఇకమీదట కత్తెరలు బయటి దేశం నుంచి తెప్పించి, ఇక్కడ పెట్టెల్లో సర్దుతారట. ఆ సర్దే ఉద్యోగం నాకిస్తామన్నారు."

"నేను రేపే వెళ్ళి చెబుతాను. తప్పు నాది, వాళ్ళది కాదు, అయిదేళ్ళు ఇమ్మంటాను. ఫిలిపా వింటుంది."

"చెప్పి?" అంది టాన్యా. "ఆ నలభైలో ఒక జత నా చిన్నది బడికి పట్టుకెళ్ళింది. అద్దం పెట్టెలో పెట్టారు అక్కడ, మా అమ్మ పేరు దాని మీదుంది అని అందరికీ చూపిస్తోంది. వెళ్ళి దానికి చెబుతావా?"

 బయట వాన తగ్గింది, పక్కింటివాళ్ళు చెత్తడబ్బా లాగుతున్నారు. డోరీన్ చెయ్యి దానంతటదే ముందుకెళ్ళి, బల్ల మీది కత్తెర ఒకటి అందుకుని, బొటనవేలితో బ్లేడు వంపు తడుముతోంది. ఒక్క దెబ్బ చాలు దీనికి. మహా అయితే రెండు.

"ఇవి ఇక్కడ వదిలి వెళ్ళు తల్లీ," అంది. "వచ్చే ఆదివారానికి అన్నీ సరిచేసి పెడతాను."

అన్నాక గానీ ఏమందో ఆమెకి తెలియలేదు.

టాన్యా ఆమెవంక చూసింది. వంగి, డోరీన్ వేళ్ళ మధ్యనుంచి ఆ కత్తెరని నెమ్మదిగా తీసుకుంది. మిగతావన్నీ ఒక్కొక్కటే సంచిలో వేసుకుంది, అరవై రెండూ.

"వద్దు. వీటిని ముట్టుకోకు," అంది. "ఇవి నేను చేసినవి."

డోరీన్ చేతులు రెండూ బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.